ఎత్తేవాళ్లేరీ?

ముప్పై నాలుగేళ్లు ప్రభుత్వ ఆసుపత్రుల్లో పనిచేసి, హెడ్ నర్సుగా 2018లో రిటైరయ్యాను. మందు రాసే అధికారం నాకు లేదు, ఇక్కడ రాయను కూడా. మంచం పక్కన నిలబడి నేర్చుకున్నదే చెబుతాను. ఈ నెల వచ్చిన ఉత్తరాల్లో సగానికి పైగా ఒకే గోడు: ఇంట్లో పెద్దవాళ్లు, పైగా భారీ మనుషులు, చూసేవాళ్లేమో ఒకరో ఇద్దరో. అందుకని పిల్లల దగ్గు, జలుబు ప్రశ్నలు వచ్చే నెలకి వాయిదా. కోప్పడకండి.

మా అత్తగారికి 73 ఏళ్లు, 96 కిలోలు. పక్షవాతం వచ్చి కుడివైపు పడిపోయింది. తొమ్మిదో రోజున డిశ్చార్జి చేస్తూ "రెండు గంటలకోసారి పక్కకి తిప్పండి" అన్నారు. ఎలా తిప్పాలో ఎవరూ చెప్పలేదు. నేను 52 కిలోలు. మావారి ఉద్యోగం బెంగుళూరులో. కుదిర్చిన ఆయా మూడో రోజుకే మానేసింది. నడుము కింద ఎర్రగా కమిలింది. ఏం చేయమంటారు సిస్టరమ్మగారూ?
– ఒక కోడలు, తణుకు

అమ్మా, "ఎలా తిప్పాలో ఎవరూ చెప్పలేదు" అన్న మాట దగ్గర ఆగిపోయాను. చెప్పాల్సింది మా నర్సులమే. డిశ్చార్జి రోజున చేతిలో కాగితాలు, వెనక ఇంకో పేషెంటు. మందుల చీటీ వివరించి పంపేస్తాం. నేనూ అలా ఎందరినో పంపాను.

ముందు మంచం ఎత్తు చూడండి. వంగి చేసే పని మీ నడుముకి చేటు. కోళ్ల కింద గుంట ఉన్న చెక్క దిమ్మలు పెట్టించి, పరుపు మీ తుంటి ఎత్తుకి వచ్చేలా చేయండి. ఇటుకలు వద్దు, జారతాయి. తర్వాత ఒక పాత నేతచీర తీసి నాలుగు మడతలు వేసి, ఆమె భుజాల నుంచి తొడల దాకా కింద పరిచి ఉంచండి. మా వార్డులో దాన్ని డ్రాషీట్ అంటాం. ఇద్దరు చెరోవైపు నిలబడి చీర అంచుల్ని ఆమె ఒంటికి ఆనుకునే దాకా చుట్టి పట్టుకుని, "ఒకటి, రెండు, మూడు" అని ఒకేసారి జరపాలి. మనిషిని కాదు, చీరని లాగాలి. చంకల్లో చేతులు పెట్టి ఈడ్చకండి. పరుపుకి రాసుకుని చర్మం కొట్టుకుపోతుంది. చచ్చుబడిన కుడిచేతిని పట్టుకుని అసలే లాగకూడదు, భుజం కీలు జారుతుంది.

మీరొక్కరే ఉన్నప్పుడు ఎత్తే ప్రయత్నం మానండి, దొర్లించండి. ఎటు తిప్పాలో ఆ వైపు నిలబడండి. అవతలి మోకాలు మడవండి, అవతలి చేతిని జాగ్రత్తగా ఛాతీ మీదికి తెండి. ఒక చెయ్యి ఆమె భుజం మీద, రెండోది తుంటి మీద వేసి మీవైపు తిప్పుకోండి. పూర్తిగా పక్కకి తిరగక్కర్లేదు, వీపు వెనక దిండు ఆనించి కాస్త వాలిస్తే చాలు. పిక్కల కింద ఇంకో దిండు, మడమలు గాల్లో ఉండేలా.

ఆ ఎర్రమచ్చని వేలితో నొక్కి వదలండి. తెల్లబడి మళ్లీ ఎర్రబడితే ఇంకా చేయి దాటలేదు. నొక్కినా ఎర్రగానే ఉంటే లోపల పుండు మొదలైనట్టే, నర్సుకో డాక్టరుకో చూపించండి. నల్లబడినా, వాసన వచ్చినా, జ్వరం తగిలినా ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మచ్చ మీద రుద్దకండి. ట్రైనింగులో మాకు స్పిరిట్ రాసి, పౌడర్ చల్లి, అరచేత్తో గట్టిగా మర్దన చేయమని నేర్పారు, ఏళ్ల తరబడి చేశాం. అది తప్పని తర్వాత తెలిసింది. నడుము కింద పెట్టే రబ్బరు ట్యూబు చుట్టలు కూడా వద్దు. గాలి పరుపు కొంటే, అది ఎన్ని కిలోల వరకు ఆగుతుందో పెట్టె మీద చదివి కొనండి. కమోడ్ కుర్చీ విషయంలోనూ అంతే. మా వీధిలో ఒకావిడ కింద ఆ ప్లాస్టిక్ కాలు పుటుక్కున విరిగింది. తుంటి ఎముక పోయింది.

భారీ మనుషులకి ఇంకో సంగతి ఉంది. రొమ్ముల కింద, పొట్ట మడత కింద, గజ్జల్లో చెమట నిలిచి ఒరుస్తుంది. రోజూ తుడిచి, తడి లేకుండా అద్ది, పల్చటి నూలు గుడ్డ ముక్క మడతలో పెట్టండి.

ఇరవై నాలుగు గంటల ఆయా ఒక్కరి కన్నా పొద్దున గంట, సాయంత్రం గంట వచ్చే మనిషి మీకు నయం. ఆ రెండు గంటల్లోనే స్నానం, పక్క మార్చడం పెట్టుకోండి. మీవారు శని, ఆదివారాలు వస్తే డ్రాషీట్ పట్టడం నేర్పండి. డబ్బు పంపడం వేరు, ఎత్తడం వేరు.

వృద్ధుల సంఖ్య, ఊబకాయం రెండూ పెరుగుతున్నాయని మా లెక్చరర్ చెప్పారు. ఈ రెండూ కలిస్తే ఆసుపత్రుల మీద పడే భారం ఏమిటి? ప్రాజెక్టులో రాయాలి.
– డిగ్రీ విద్యార్థి, హనుమకొండ

ప్రాజెక్టుకి అంకెలు కావాలి కాబట్టి ముందు అవే. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఉండాల్సిన దాని కంటే ఎక్కువ బరువున్న ఆడవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 36, తెలంగాణలో 30. దేశం మొత్తం మీద 24. మగవాళ్లలో ఆంధ్రప్రదేశ్‌లో 31, తెలంగాణలో 32. ఇక్కడ ఒక మెలిక ఉంది, దాన్ని వదిలిపెట్టకు నాయనా. ఆ ఆడవాళ్ల లెక్క 15 నుంచి 49 ఏళ్ల లోపు వాళ్లది. అంటే ముసలితనం వాళ్లకింకా రాలేదు. రేపు వార్డుకి వచ్చేది వీళ్లే. అదే సర్వేలో ఒక్కో తల్లికి పిల్లలు సగటున ఆంధ్రప్రదేశ్‌లో 1.7, తెలంగాణలో 1.8. పడుకునే మనిషి బరువు పెరిగింది, ఎత్తే చేతులు తగ్గాయి.

ఇక మా వార్డు సంగతి. 1984లో నేను చేరినప్పుడు మెడికల్ వార్డు నిండా టైఫాయిడ్, విరేచనాలు, క్షయ, పాముకాటు కేసులు. ఎముకల గూళ్లలాంటి మనుషులు. నేనూ ఒక ఆయమ్మా కలిసి దుప్పటి పట్టుకుంటే మనిషి మంచం మారిపోయేవాడు. నయమైతే వారం తిరక్కుండా ఇంటికి. మంచం చుట్టూ కూతుళ్లు, చెల్లెళ్లు, తోడికోడళ్లు వంతులేసుకుని ఉండేవాళ్లు. "బయటికి పొండి" అని తరమడమే మాకు పెద్ద పని.

రిటైరయ్యే నాటికి అదే వార్డులో షుగర్, బీపీ, కిడ్నీ, పక్షవాతం. ఒకే మనిషికి నాలుగూ. ఫిజీషియన్ ఒక రోజు, కిడ్నీ డాక్టరు ఇంకో రోజు, కళ్లకి మరో రోజు, ప్రతిదానికీ వేరే ఓపీ చీటీ. అన్ని మందుల సంచులూ కలిపి చూసేవాళ్లు లేరు. చాలాసార్లు ఒకే మందు రెండు పేర్లతో ఉండేది. ఈ జబ్బులకి నయమై వెళ్లిపోవడం అంటూ ఉండదు. వెళ్తారు, మళ్లీ వస్తారు.

పైగా పని తీరే మారిపోయింది. లావుపాటి చేతిలో నరం దొరకడానికి ఒక్కోసారి పావుగంట. స్ట్రెచర్ తోయడానికి ఇద్దరి బదులు నలుగురు. మత్తు ఇవ్వాలంటే డాక్టరుకి రెట్టింపు జాగ్రత్త, ఎందుకంటే శ్వాసకి ఇబ్బంది. కుట్లు మానడం ఆలస్యం. ఇవేవీ పోస్టులు మంజూరు చేసే కాగితంలో కనిపించవు. అక్కడ మంచానికి ఒక అంకె, అంతే. ఆ మంచం మీద ఉన్నది 45 కిలోల కుర్రాడా, 105 కిలోల డెబ్భై ఏళ్ల మనిషా అని ఎవరూ అడగరు. ప్రాజెక్టులో ఏది రాసినా రాయకపోయినా ఇది రాయి.

నాన్నగారికి 76. ప్రభుత్వ ఆసుపత్రి ఓపీలో మూడు గంటలు నిలబెట్టారు. పెద్దవాళ్లకి వేరే లైను ఉండాలని రూలు లేదా?
– ఒంగోలు

ఉంది బాబూ. తల్లిదండ్రుల, వయోవృద్ధుల పోషణ, సంక్షేమ చట్టం, 2007. అందులో 20వ సెక్షన్ వైద్యం గురించే. ప్రభుత్వ ఆసుపత్రుల్లో వయోవృద్ధులకి వేరే క్యూ ఉండాలి, వీలైనంత వరకు మంచాలు ఇవ్వాలి. గొడవ పడకండి, సెక్షన్ నంబరు కాగితం మీద రాసి సూపరింటెండెంట్ గారికి ఇవ్వండి, నకలు దగ్గర పెట్టుకోండి. అరిచేవాడి కన్నా కాగితం ఇచ్చేవాడికే ఆసుపత్రుల్లో భయపడతారు. ఇది లోపలి మనిషిగా చెబుతున్న మాట. 2010–11లో మొదలైన జాతీయ వృద్ధుల ఆరోగ్య కార్యక్రమం కింద జిల్లా ఆసుపత్రిలో పది పడకల వార్డు కూడా ఉండాలి. మీ దగ్గర ఉందేమో అడగండి. సలహాకి 14567 నంబరుంది, వృద్ధుల హెల్ప్‌లైన్.

డెబ్భై దాటినవాళ్లకి ఆదాయంతో పని లేకుండా 2024 అక్టోబరు నుంచి కేంద్రం ఇస్తున్న వయవందన కార్డు కూడా చేయించండి, ఏడాదికి 5 లక్షల దాకా ఆసుపత్రి ఖర్చు దాని మీద వెళ్తుంది. అయితే అది ఆసుపత్రిలో చేరితే పనికొచ్చే కార్డు. పైన తణుకు కోడలి ఇంట్లో రాత్రి రెండింటికి పక్క మార్చడానికి ఏ కార్డూ లేదు.

ఆసుపత్రిలో బీపీ 160 అన్నారు, ఇంట్లో మిషన్‌లో 170 చూపిస్తోంది, మా మనవడి కాలేజీలో క్యాంపు పెడితే 145. దేన్ని నమ్మాలి? చేతులు లావు నాకు.
– రిటైర్డ్ టీచర్, ఖమ్మం

చివరి మాట రాసి మంచి పని చేశారు మాస్టారూ. టైలరు టేపుతో మోచేతికీ భుజానికీ మధ్య చుట్టుకొలత తీయండి. ఇళ్లలో వాడే చాలా మిషన్లతో వచ్చే పట్టీ (మేం కఫ్ అంటాం) 32 సెంటీమీటర్ల వరకే సరిపోతుంది. ఎంత వరకో ఆ పట్టీ మీదే అచ్చు వేసి ఉంటుంది. మీ చెయ్యి అంతకు మించితే బీపీ లేకున్నా ఉన్నట్టు, ఉంటే ఇంకా ఎక్కువున్నట్టు చూపిస్తుంది. అమెరికాలో 2023లో అచ్చయిన ఒక పరిశోధనలో, పెద్ద పట్టీ కావాల్సినవాళ్లకి మామూలు పట్టీ కడితే పై అంకె సుమారు 5 ఎక్కువ చూపించింది. అంతకన్నా పెద్దది కావాల్సినవాళ్లకైతే సుమారు 20.

ఇరవై అంటే ఒక మాత్ర అనవసరంగా పడడమే. డెబ్భై ఏళ్ల మనిషికి బీపీ మరీ తగ్గితే రాత్రి బాత్‌రూముకి లేచి పడిపోతాడు, ఎముక విరుగుతుంది, మళ్లీ మా వార్డు. మా వార్డులో పెద్ద కఫ్ ఒకే ఒక్కటి ఉండేది. దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసేవాళ్లం, పోతే జీతంలో కోస్తారని. నైట్ డ్యూటీలో తాళంచెవి ఎవరి దగ్గరుందో తెలిసేది కాదు. మీరు మాత్రం పెద్ద పట్టీ కొనుక్కుని, ఐదు నిమిషాలు కూర్చుని చూసుకోండి. ఆ అంకెలు వారం రోజులు రాసి డాక్టరుకి చూపించండి. మాత్రలు మీ అంతట మీరు ఆపొద్దు.

నేను ఇంగ్లండులో నర్సుని, మాది ఏలూరు. ఇక్కడ పేషెంటుని చేతులతో ఎత్తనివ్వరు, దానికి హాయిస్ట్ అనే యంత్రం ఉంటుంది. సెలవుల్లో వచ్చినప్పుడు మన ఆసుపత్రిలో ఇద్దరమ్మాయిలు వంద కిలోల మనిషిని ఎత్తడం చూసి భయమేసింది. మన దగ్గర ఎందుకు పెట్టరు?

బ్రిటన్‌లో చేతులతో బరువులెత్తే పనుల మీద 1992లోనే నిబంధనలు వచ్చాయి. మీకు ఎత్తడం ఉద్యోగంలో ప్రమాదం, యజమాని లెక్క చెప్పాలి. మాకేమో అది సేవ. సేవ అన్నాక నడుము నొప్పి అనకూడదు.

నాది 2009లో పోయింది. నైట్ డ్యూటీ, ఆర్థో వార్డు. బాత్‌రూము దగ్గర జారి కూలబడ్డ ఒక పెద్దాయన్ని నేనూ ఒక ఎం.ఎన్.ఓ. (వార్డులో సాయంగా ఉండే మగ సిబ్బంది) అబ్బాయీ లేపాం. లేచేటప్పుడు నడుములో టిక్కుమంది. తెల్లారే దాకా ఇంజెక్షన్లు వేస్తూనే తిరిగాను. పొద్దున బస్సు మెట్టు ఎక్కలేకపోయాను. మూడు వారాలు మంచం. అవి నా సొంత సెలవులే. నా వయసు నర్సుల్ని పది మందిని నిలబెడితే ఎందరు నడుముకి బెల్టు పెట్టుకున్నారో చీర కింద కనిపించదు గానీ, నాకు తెలుసు.

యంత్రం లేకపోవడం ఒక్కటే కారణం కాదు. యంత్రం వస్తే దాన్ని పెట్టడానికి మంచాల మధ్య చోటు కావాలి. మన దగ్గర రెండు మంచాల మధ్య ఒక పేషెంటు కింద చాప మీద ఉంటాడు. మీరు మళ్లీ వచ్చినప్పుడు జారుడు షీట్లు (పేషెంటు కింద పరిచి జరిపే నున్నటి గుడ్డలు) రెండు తెచ్చి ఆ అమ్మాయిలకి వాడకం నేర్పండి. కరెంటూ అక్కర్లేదు, చోటూ అక్కర్లేదు.

క్రితం నెల మీరు "లావుపాటి పేషెంటు వస్తున్నాడంటే మాకు హడల్" అని రాశారు. నాది 108 కిలోలు. ఆసుపత్రికి వెళ్లాలంటే నాకు హడల్. మీలాంటివాళ్ల వల్లే.
– విజయవాడ

తప్పు రాశాను. క్షమించండి. ఇది మాటవరసకి అనడం లేదు.

ఒక సంగతి చెబుతాను. మా వార్డులో బరువు చూసే మిషన్ 120 దాకానే ఉండేది. ఒకామె ఎక్కితే ముల్లు చివరికి కొట్టుకుని ఆగిపోయింది. పక్కనున్న అటెండరు "రైస్ మిల్లు కాటాకి పంపాలమ్మా" అన్నాడు. నలుగురం నవ్వాం. నేనూ నవ్వాను. ఆమె కూడా నవ్వింది. మళ్లీ రాలేదు. రెండేళ్లకి వచ్చింది, షుగర్ ముదిరి కాలి బొటనవేలు నల్లబడి. "అప్పుడే ఎందుకు రాలేదమ్మా" అని కేకలేసింది కూడా నేనే. ఎందుకు రాలేదో నాకు రెండు రోజుల తర్వాత గుర్తొచ్చింది.

చిన్న మిషన్ మా లోపం. చిన్న కఫ్, ఇరుకు స్ట్రెచర్, ఒక్కరే ఉన్న డ్యూటీ సిస్టర్, అన్నీ మా వైపు లోపాలే. వాటిని మీ ఒంటి మీద తోసేశాను. మీరు వెళ్లండి. ముందే ఫోన్ చేసి "పెద్ద కఫ్ ఉందా, చేతుల్లేని కుర్చీ ఉందా" అని అడగండి. అడగడం మీ హక్కు.

నాన్నకి 74, 92 కిలోలు, షుగర్ ఉంది. బరువు తగ్గే ఇంజెక్షన్లు వచ్చాయట కదా, వేయిద్దామా?
– నెల్లూరు

టిర్జెపటైడ్ అనే వారానికొకసారి ఇంజెక్షన్ 2025 మార్చిలో మన దేశంలోకి వచ్చింది. సెమాగ్లుటైడ్‌లో బరువు కోసం వాడేది అదే ఏడాది జూన్‌లో. మంచి మందులే. వేయాలో వద్దో డాక్టరు చెప్పాలి. నేను చెప్పేది ఆయన్ని అడగాల్సిన ప్రశ్న: "కండ ఎంత పోతుంది?"

మా తెలుగు మాస్టారు చెప్పేవారు, పాత తెలుగులో లావు అంటే బలం అని. ఇప్పుడది తిరగబడింది. పైకి లావు, లోపల కండ లేదు. పెద్దవాళ్లలో ఇదే ఎక్కువ. ఆకలి చచ్చి, గుప్పెడు అన్నం తిని పది కిలోలు తగ్గితే, కొవ్వుతో పాటు ఉన్న కాస్త కండా పోతుంది. ఇంట్లో ఒక పరీక్ష చేయండి. చేతులు ఛాతీ మీద కట్టుకుని, కుర్చీలోంచి ఐదుసార్లు లేచి కూర్చోమనండి. మీరు పక్కనే ఉండండి. పదిహేను సెకన్లు దాటితే ఆయన కాళ్లలో బలం తగ్గిందని అర్థం, ఆ సంగతి డాక్టరుకి చెప్పండి. ఇన్సులిన్ గానీ షుగర్ బాగా దించే మాత్రలు గానీ వాడుతుంటే అది కూడా ముందే చెప్పాలి, షుగర్ పడిపోతుంది. గుడ్డు, పప్పు, పెరుగు మానిపించకండి.

మోకాలి చిప్ప ఆపరేషన్‌కి ముందు పది కిలోలు తగ్గి రమ్మన్నారు. తప్పించుకోవడానికేనా? – నల్లగొండ

కాదు. ఒంట్లో ఒక కిలో తగ్గితే అడుగు అడుగుకీ మోకాలి మీద నాలుగు కిలోల భారం తగ్గుతుంది. కుట్లు చీము పట్టే అవకాశమూ తగ్గుతుంది. ఇంకోటి, 2017 ఆగస్టులో కేంద్రం ఆపరేషన్‌లో మోకాల్లో అమర్చే పరికరాల ధరకి పరిమితి పెట్టింది, మామూలు కోబాల్ట్ క్రోమియం రకానికి అప్పుడు 54,720 రూపాయలు, పన్ను అదనం. బిల్లులో పరికరం ధర విడిగా రాయించుకోండి.

ఆశా కార్యకర్తని. ముప్పై దాటినవాళ్లకి నింపే ఫారంలో నడుము కొలత రాయాలి. టేపు తీస్తే ఆడవాళ్లు సిగ్గుపడుతున్నారు, "జాకెట్టు కుడతావా" అని నవ్వుతున్నారు. అందాజాగా రాసేయమంటున్నారు తోటివాళ్లు.
– పల్నాడు జిల్లా

అందాజాగా మాత్రం రాయొద్దమ్మా. ఆ ఫారంలో ఆడవాళ్లకి 80 సెంటీమీటర్లు ఒక గీత, 90 ఇంకో గీత. మీరు 88 అని ఊహించి రాసిన మనిషి నిజంగా 93 అయితే మార్కు మారిపోతుంది, బీపీ, షుగర్ పరీక్షకి పిలవాల్సిన మనిషి పిలుపు లేకుండా ఉండిపోతుంది. పదేళ్లకి ఆమెని ఎత్తడానికి ఎవరో ఒకరు నడుం విరగ్గొట్టుకోవాలి.

టేపు వాళ్ల చేతికే ఇవ్వండి. లోపలి గదిలోకి తీసుకెళ్లండి. కుచ్చిళ్ల మీద పెట్టి కొలిస్తే నాలుగైదు సెంటీమీటర్లు దొంగలెక్క వస్తుంది. కుచ్చిళ్లు కాస్త కిందికి దించమని, చివరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ మధ్యన, ఊపిరి వదిలాక కొలవమనండి. అంకె మీరు పైకి చదవకండి, నలుగురిలో అసలే వద్దు. అయినా నవ్వితే ముందు మీ నడుము కొలిచి చూపించండి. నాది 91. కావాలంటే ఆ అంకె నా పేరు మీద చెప్పి నవ్వించండి.